సూరత్ పింజ, సగటు లెక్క

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై దక్షిణాది రేవులు మూతపడడంతో ఇంగ్లండ్‌లోని లాంకషైర్ నూలు మిల్లులకు దిక్కు తోచలేదు. వాటికి వచ్చే పత్తిలో సింహభాగం అమెరికాదే. ఆ లోటు పూడ్చడానికి బొంబాయిలో ఓడలెక్కిన పత్తిని లివర్‌పూల్ బజారు ‘సూరత్’ అని పిలిచింది. నిజానికి సూరత్ రేవు వైభవం అప్పటికే ఏనాడో తగ్గిపోయింది. అయినా భరూచ్‌లో పండిన సరుకుకూ, ధార్వాడ్‌లో పండినదానికీ అదే పేరు. పేరుతోపాటు తిట్లూ అంటుకున్నాయి: పొట్టి పింజ, తెగే నూలు, గింజలు, మట్టి. దేవుడా పత్తి పంపు, సూరత్ మాత్రం వద్దని కార్మికులు మొక్కుకునేవారట! కల్తీని అరికట్టడానికి 1863లో బొంబాయి ప్రభుత్వం చట్టమే తెచ్చింది.

బేళ్లన్నీ విప్పి చూసే తీరిక ఎవరికుంది? దళారి కొంచెం దూది లాగి, వేళ్ల మధ్య సాగదీసి పింజ పొడవు చెప్పేవాడు. ఆ మచ్చుమీదే ధర.

చిక్కల్లా చిటికెలోనే ఉంది. చిందరవందరగా పడి ఉన్న పోగుల్లో ఎక్కడ పట్టుకున్నా పొడుగు పోగే ఎక్కువగా చిక్కుతుంది. సగం పోగులు 10 మిల్లీమీటర్లు, సగం 30 మిల్లీమీటర్లు అనుకుందాం. అసలు సగటు 20. చిటికెలోకి మాత్రం పొట్టిది ఒకటి వస్తే పొడుగువి మూడు వస్తాయి. సగటు 25 అవుతుంది. చేయి ఎంత నిజాయతీగలదైనా సరే, వేల చిటికెలు తీసినా సరే, ఈ తప్పు తగ్గదు. మచ్చు పెద్దదైతే చాలనుకునేవారు ఇక్కడే బోల్తాపడతారు.

మందు ఆ లెక్కలోనే దొరికింది. ప్రతి పోగుకూ దాని పొడవుకు విలోమంగా విలువ కడితే సగటు మళ్లీ 20కి దిగుతుంది. లీడ్స్‌లోని ఉన్ని పరిశోధన సంస్థలో పనిచేసిన గణాంకవేత్త డేవిడ్ కాక్స్ 1969లో ఈ సమస్యను విడమరిచి రాశాడు. అంతకు ముందే, 1965లో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు ఇలాంటి ఒరుగుడు మచ్చులన్నిటినీ ఒకే సిద్ధాంతం కిందికి తెచ్చారు. తర్వాత ఆయన తరగతి గదుల్లో విద్యార్థులను అన్నదమ్ములెందరు, అక్కచెల్లెళ్లెందరు అని అడిగించారు. పిల్లల్ని అడిగితే పెద్ద కుటుంబాలే ఎక్కువగా తగులుతాయి కదా!

ఒరుగుడు ఎంతో తెలిస్తే దాన్ని కావాలనే వాడుకోవచ్చు. 1943లో అమెరికాలో గణాంకవేత్తలు హాన్సెన్, హర్విట్జ్ పెద్ద యూనిట్‌కు పెద్ద అవకాశమిచ్చి మచ్చు తీసే పద్ధతి చూపారు. అందులో ఒకే యూనిట్ రెండుసార్లు తగలవచ్చు. ఏలూరులో పుట్టిన జె.ఎన్.కె. రావు 1962లో హార్ట్‌లీ, కాక్రన్‌లతో కలిసి దానికి సులువైన ఉపాయం చెప్పారు: జాబితాను చీటీలేసి గుంపులుగా విడగొట్టు, ఒక్కో గుంపులోంచి పరిమాణాన్ని బట్టి ఒక్కదాన్నే ఎంచు.

కరీంనగర్, వరంగల్ వైపు నుంచి వెళ్లిన నేతవారెందరో ఉన్న నేటి సూరత్‌లో మరమగ్గాల కార్మికుల సగటు కూలి కావాలనుకోండి. నాలుగు మగ్గాల షెడ్డుకూ, రెండు వందల మగ్గాల కార్ఖానాకూ సమాన అవకాశమిస్తే, పెద్దది తగిలిందా లేదా అన్నదాన్ని బట్టి అంచనా ఊగిపోతుంది. కార్మికుల సంఖ్యను బట్టి అవకాశమిస్తే ఆ ఊపు చాలావరకు తగ్గుతుంది. పనివారి జాబితా పాతదైతే మాత్రం ఈ ఉపాయమూ అంతగా పనిచేయదు.