గండిపేట పరీవాహక గ్రామాలు: నీటి రక్షణ, సాగుభూమి

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద హైదరాబాదు చరిత్రను మలుపు తిప్పింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీపై హిమాయత్‌సాగర్ (1927) నిర్మితమయ్యాయి. వరదను అదుపు చేయడంతోపాటు ఇవి నగరానికి తాగునీరందించాయి. గండిపేటగా పేరొందిన ఉస్మాన్‌సాగర్‌కు సమీపంలోనే కోకాపేట ఉంది.

జలాశయాల స్వచ్ఛత ఎగువ నేలల వినియోగాన్నిబట్టి ఉంటుంది. అందుకే 1996 మార్చి 8న ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు ద్వారా పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. ఈ పరిధిలో తలపెట్టిన ఆముదం ఉత్పత్తుల కర్మాగారం వివాదం సుప్రీంకోర్టుకు చేరగా, న్యాయస్థానం 1999, 2000 తీర్పుల్లో ముందుజాగ్రత్త సూత్రాన్ని ఆధారం చేసుకొని తాగునీటి రక్షణకే ప్రాధాన్యమిచ్చింది.

ఉత్తర్వు ఉద్దేశం నీటి రక్షణే అయినా, ఆ నీడన సాగుభూమి కూడా నిలిచింది. మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతాల కూరగాయలు, పూలు నగర మార్కెట్లకు చేరుతూ వచ్చాయి. అయితే నగరం తాగే నీటికి మూల్యం చెల్లించినది రైతే. పరిధికి వెలుపల భూముల ధరలు పెరుగుతుంటే, తన పొలంలో లేఅవుటుకు అతనికి అవకాశం లేకపోయింది.

కృష్ణా, గోదావరి జలాల రాకతో ఈ జలాశయాలపై నగరం ఆధారపడటం తగ్గిందన్న వాదనతో, 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వు పాత ఆంక్షలను తొలగించింది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్ల రూపాయలు పలికింది. ఏ పంటా ఆ ధరకు సాటిరాదు. సాగును నిలిపే రైతుకు ప్రతిఫలం చూపని రక్షణ ఎంతోకాలం నిలవదని ఈ చరిత్ర తెలియజేస్తున్నది.