దిల్‌సుఖ్‌నగరమున అద్దెగది

జాగీర్దారగు దిల్‌సుఖ్ రాం పర్షాదు సేద్యపు భూములు ఇండ్లస్థలములై ఆయన పేరనే వెలసిన దిల్‌సుఖ్‌నగరమును, లాల్ బహదూర్ శాస్త్రి స్మృతిగా పేరొందిన ఎల్.బి. నగరమును, విజయవాడ రహదారి ముఖమున నుండుటచేత, ఆ దిక్కునుండి బస్సు దిగిన ఉద్యోగార్థికిని, కోచింగు సెంటరులలో పాఠము చెప్పవచ్చిన ఉపాధ్యాయునికిని హైదరాబాదున తొలి మజిలీలైనవి. ఇల్లుగలవారు మేడపై గదులు వేసి, మంచము, పరుపు, ఫ్యాను, బీరువా అమర్చి, పడకకింతయని అద్దె పుచ్చుకొనుచు హాస్టళ్లు నడపసాగిరి. వంటగది లేకుండుటయే ఆ వసతికి సొగసు, ఏలయన భోజనము అద్దెలోనిదే! ఇక గదికి ముందుగా చెల్లించు సొమ్ము మాటకు వచ్చిన, జపానున విదేశీయోపాధ్యాయుడు పలుచోట్ల, తిరిగిరాని ‘రేకిన్’ అను కానుకను యజమానికి ముందుగా సమర్పింపవలయును. ఇచట అడ్వాన్సును, ఆధారుకార్డు నకలును చాలును, ఆ అడ్వాన్సు మరల చేతికందునా యనునది వేరుమాట. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి. నగరమునకు మెట్రో సాగిన పిమ్మట, పడమటి కొలువులకు పోవువారికి సైతము ఈ తూర్పుదిక్కున గది వెదకుకొనుట సుకరమైనది.