గ్రూపు మారితే చదివిందంతా వృథాయేనా?

"ఈ గ్రూపు నాకు సరిపడదు. కానీ ఇప్పుడు మారితే ఇన్నాళ్ల చదువూ వృథా కదా!" అని మీలో కొందరు మథనపడుతుంటారు. పుదుచ్చేరి పక్కనున్న అరియాంకుప్పం చరిత్రలో దీనికొక జవాబుంది.

అక్కడ నది ఒడ్డున అరికమేడు అనే దిబ్బ ఉంది. రెండువేల ఏళ్ల నాడు రోమన్ సామ్రాజ్యంతో వర్తకం సాగిన రేవు అది. 1930వ దశకంలో అక్కడి పిల్లలకు దొరికిన రంగురాళ్లను, పూసలను చూసి, ఆ చోటి ప్రాముఖ్యాన్ని గుర్తించిన వ్యక్తి జూవో దుబ్రెయి (1885-1945). 1945లో మార్టిమర్ వీలర్ అక్కడే తవ్వి, ఇటలీ నుంచి వచ్చిన ఎర్రటి మట్టిపాత్రల ఆధారంగా కాలనిర్ణయం చేశాడు.

గమనించండి. దుబ్రెయి చరిత్ర ఆచార్యుడు కాదు. పుదుచ్చేరి ఫ్రెంచి కళాశాలలో సైన్సు బోధించేవాడు. శాసనం లేని గుడి వయసు ఎలా చెప్పాలి? స్తంభాలు, చెక్కడాలు కాలక్రమంలో ఎలా మారాయో ఒకదానితో ఒకటి పోల్చి, వరుసలో పేర్చాడు. ఈ పద్ధతితో రాసిన ఆయన గ్రంథం 1914లో పారిస్‌లో వెలువడింది. మన పల్నాటిలో గోలి బౌద్ధ శిల్పాలను 1926లో వెలుగులోకి తెచ్చిందీ ఆయనే.

అంటే సైన్సు నేర్పిన పరిశీలన, పోలిక, వర్గీకరణ చరిత్రలోనూ అక్కరకొచ్చాయి. అలాగని తొందరపడి మారమని కాదు. ముందు ఒక్కటి చూసుకోండి: ఎవరూ చెప్పకపోయినా, పరీక్ష లేకపోయినా మీరు తెరిచే పుస్తకం ఏది?