వైరసు సోకిన గృహ కంప్యూటరు: పునరుద్ధరణము

మొండి వైరసు సోకి చెడిన గృహ కంప్యూటరును మరల నమ్మదగిన స్థితికి తెచ్చు క్రియాక్రమమునకు పునరుద్ధరణమని పేరు. హానికర ప్రోగ్రామును తొలగించుట ఇందొక భాగము మాత్రమే. ఫైళ్లను కాపాడుట, ఆపరేటింగ్ సిస్టమును శుద్ధిచేయుట లేదా క్రొత్తగా వేయుట, వైరసు మరల ప్రవేశింపకుండ దారులు మూయుట తక్కిన భాగములు. వైరసు, వర్మ్, ట్రోజన్, రూట్‌కిట్ అను భేదములను పాటింపక అన్నిటిని వైరసనియే పిలుచుట లోకమున వాడుక గనుక ఈ వ్యాసమునను ఆ వాడుకయే గ్రహింపబడినది.

మొండితనమునకు హేతువు

తన్ను వెదకు సాధనములకంటె ముందే మేల్కొని, అవి అడుగు ప్రశ్నలకు తానే బదులు చెప్పుచుండుట వలన వైరసు మొండిదగును. 1986లో లాహోరున పుట్టి, ఐ.బి.ఎం. తరహా పి.సి.లకు సోకిన తొలి వైరసుగా ప్రసిద్ధికెక్కిన ‘బ్రెయిన్’, ఫ్లాపీ డిస్కులో యంత్రము మొదట చదువు భాగమగు బూట్ సెక్టారును ఆక్రమించియు, ఎవరైనను దానిని చదువబోయినపుడు వేరొకచోట దాచిన అసలు ప్రతిని చూపి, డిస్కు నిర్దోషమైనట్లు భ్రమింపజేసెడిది. 2008 నవంబరులో బయటపడిన ‘కాన్‌ఫికర్’ ఈ విద్యను మరింత పెంచినది. అది ప్రవేశించిన విండోస్ లోపమునకు మైక్రోసాఫ్ట్ అక్టోబరు 23వ తేదీననే సవరణ విడుదల చేసియున్నను, ఆ సవరణ వేసికొనని యంత్రములు లక్షలకొలది దానికి లోబడినవి. లోపల ప్రవేశించిన పిమ్మట విండోస్ అప్‌డేట్‌ను నిలిపివేసి, యాంటీవైరస్ సంస్థల వెబ్‌సైట్లకు దారి మూసివేసెడిది. పెన్‌డ్రైవు పెట్టగానే తెరపై వచ్చు ఆటోప్లే పెట్టెలో మామూలు ఫోల్డరు బొమ్మను, ఫైళ్లు చూచుటకు తెరువుమను మాటను చేర్చి, దానిపై నొక్కినవారు తమ చేతులారా వైరసునే నడుపునట్లు చేసెడిది. అయితే అది మూసిన దారులే దాని గుట్టును బయటపెట్టినవి: భద్రతా సంస్థల సైట్ల నుండి వచ్చు బొమ్మలను, ఇతర సైట్ల బొమ్మలను ఒకే పుటలో కూర్చి చూపగా, మొదటివి మాత్రమే కానరాకున్నచో రోగము నిర్ణయమైనట్లే.

కావున సోకిన యంత్రము తన్నుగూర్చి తాను చెప్పుకొను సాక్ష్యము చెల్లదనుట ఈ చికిత్సకు మూలసూత్రము. ఏది వైరసో ఏది కాదో ప్రతిసారియు తప్పక తేల్చగల పద్ధతి ఉండజాలదని ఫ్రెడ్ కోహెన్ 1984లోనే తర్కబద్ధముగా చూపియున్నాడు.

చికిత్సాక్రమము

మొదట నెట్ కేబులు తీసి, వైఫై ఆపవలెను. బ్యాంకు, ఈమెయిలు పాస్‌వర్డులను వేరొక శుభ్రమైన యంత్రమునుండి మార్చవలెను. సోకిన కంప్యూటరులోనే మార్చినచో క్రొత్త పాస్‌వర్డు సైతము దొంగచేతికి చిక్కవచ్చును.

తరువాత శుభ్రమైన కంప్యూటరుపై, విండోస్ తోడు లేకయే నడచి వైరసును వెదకు రెస్క్యూ డిస్కును ఒక పెన్‌డ్రైవులోనికి ఎక్కించి, దానితోనే సోకిన యంత్రమును బూట్ చేయవలెను. అప్పుడు విండోస్ మేల్కొనదు గనుక, హార్డ్ డిస్కులోని వైరసు నడువలేని అక్షరరాశిగా పడియుండును; అడ్డుకొనువాడు లేని ఆ వేళనే స్కాన్ చేయవలెను, ఫొటోలను, ఉత్తరములను, లెక్కల ఫైళ్లను బయటికి తీసికొనవలెను. ప్రోగ్రాము ఫైళ్లను మాత్రము వెంట తేరాదు. 2003 నుండి తిరుగుచున్న ‘సాలిటీ’ వంటివి ఆ ఫైళ్లలోనే చేరి మరల వచ్చును.

శుద్ధిచేసిన పిదపను లక్షణములు తిరుగబెట్టినచో విండోస్‌ను మొదటినుండి వేయుటయే మేలు. ఇచట మన యిండ్లలో జరుగు పొరపాటొకటి కలదు. సి డ్రైవును మాత్రమే ఫార్మాట్ చేసి, పాటలు, సినిమాలు, సాఫ్ట్‌వేర్ ఫైళ్లు దాచుకొన్న డి డ్రైవును ముట్టక వదలుదురు. పాత విండోస్‌లలో ఆ డి డ్రైవున మిగిలిన ఆటోరన్ ఫైలు, దానిపై డబుల్ క్లిక్ చేసిన క్షణముననే క్రొత్త విండోస్‌ను పాతదాని గతికి తెచ్చెడిది. కొన్ని రూట్‌కిట్లు డిస్కు మొదటి సెక్టారునందే కాపురముండును గనుక, ఆ సెక్టారుతో సహా డిస్కునంతటిని తుడిచి, పార్టిషన్లను మరల చేయుట ఉత్తమము. 2018లో వెల్లడియైన ‘లోజాక్స్’ వలె మదర్‌బోర్డు ఫర్మ్‌వేరునందు నాటుకొనునవి ఫార్మాట్‌కును లొంగవు. గృహ కంప్యూటర్లకు అవి మిక్కిలి అరుదు.

పునఃప్రవేశ నివారణ

క్రొత్త విండోస్‌కు ముందుగా అప్‌డేట్లు వేసి, తరువాతనే పాత ఫైళ్లను స్కాన్ చేసి చేర్చవలెను. జిరాక్స్ దుకాణమునుండియో ఫొటో స్టూడియోనుండియో తెచ్చిన పెన్‌డ్రైవులో ఫోల్డర్లన్నియు షార్ట్‌కట్లుగా మారి కనబడినచో ఫైళ్లు పోయినవని కలతపడనక్కరలేదు. సాధారణముగా అవి దాచబడియుండును, అట్రిబ్ అను ఆదేశముతో వెలికితీయవచ్చును. ఆ షార్ట్‌కట్లలో ఒక్కదానిపైనను నొక్కరాదు. ఒక బ్యాకప్ డిస్కును కంప్యూటరుకు తగిలింపక బీరువాలో వేరుగా ఉంచుకొనవలెను. వైరసు చేయి చేరలేని ప్రతి అది యొక్కటియే.