కామాఠిపురా తెలుగువారి పూలు: పెంపకం, పేర్లు

ముంబయి తెలుగువారి చరిత్ర రాసినవారు సాధారణంగా వారు కట్టిన కట్టడాలను, పనిచేసిన మిల్లులను, నెలకొల్పిన సంఘాలను గురించి రాస్తారు. వారు డబ్బాలలో పెంచుకొన్న పూలను గురించి రాయడం కొందరికి చిన్న విషయంగా తోచవచ్చు. అయితే సొంత ఊరు విడిచి వచ్చిన జనం ఏ మాటలను నిలుపుకొన్నారు, ఏ మాటలను వదులుకొన్నారు, ఎందువల్ల అన్న ప్రశ్నకు పూల పేర్లలో దొరికినంత స్పష్టమైన సమాధానం మాకు మరెక్కడా దొరకలేదు. దానిని ఇక్కడ పాఠకుల ముందుంచుతున్నాము.

ముందుగా స్థలాన్ని గురించి కొంత చెప్పాలి. కామాఠిపురా అన్న పేరు నిజాం రాజ్యం నుంచి వచ్చి స్థిరపడిన కామాఠీల వల్ల వచ్చిందని 1909-10లో వెలువడిన బొంబాయి నగర గెజెటీరు చెబుతుంది. వీరు 18వ శతాబ్దం చివరినాటి నుంచి ఇక్కడికి చేరిన తెలుగు కూలీలు, మేస్త్రీలు. కామాఠీ అన్న మాటను మరాఠీ ‘కామ్’తో ముడిపెట్టేవారు ఉన్నారు, సేద్యపు భూమి అనే అర్థమున్న మన ‘కమతం’తో ముడిపెట్టేవారూ ఉన్నారు. మాకు రెండవదానిపైనే మొగ్గు. అది నిజమైతే, పిడికెడు సేద్యపు నేల లేని ఈ పేట పేరులోనే ఒక పొలం దాగి ఉన్నదనాలి. వీరి తెలుగును ‘కామాఠీ’ అనే పేరుతో గ్రియర్సన్ భారత భాషా సర్వేక్షణ నాలుగవ సంపుటం (1906) తెలుగు మాండలికాలలో ఒకటిగా పేర్కొన్నది.

హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట వేసి సముద్రపు పోటును ఆపేవరకు ఈ చుట్టుపక్కల పల్లపు భూముల మీదికి ఉప్పునీరు వచ్చేది. తరవాత మట్టి పోసి మెరక చేశారు. అలా తట్టలు మోసి నగరానికి నేల సమకూర్చిన పనివారిలో మనవారు ఉన్నారు. వారికి దక్కింది మాత్రం గదుల వరసలు, వాటి ముందు ఉమ్మడి వసారా. ఇటువంటివే చాళ్ళు. 1920లలో ప్రభుత్వం వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివ్‌డీలలో కట్టించిన బి.డి.డి. చాళ్ళలోనూ ఒక్కో గది 160 చదరపు అడుగులే. వర్లీ చాళ్ళలో మిల్లుకు వెళ్ళే పద్మశాలి కుటుంబాలు చాలా ఉండేవి. కామాఠిపురాకు నడిచి వెళ్ళేంత దూరంలో, బైకల్లాలో, 1862లో ప్రజలకు తెరిచిన పెద్ద ఉద్యానం ఉంది. ఇప్పుడు దానిని రాణీబాగ్ అంటారు. అక్కడ చెట్టు కింద కూర్చోవచ్చు గాని పువ్వు తెంపరాదు. కనుక తెలుగువారి పూలతోట అంటే వసారా కటకటాలకు తీగతో కట్టిన నూనెడబ్బా, పగిలిన బకెట్టు, తులసికి ఒక కుండీ.

ఈ సందర్భంలో ఒక విషయం గుర్తుచేయవలసి ఉంది. జ్యోతిరావు ఫులే 1873లో పుణేలో సత్యశోధక్ సమాజాన్ని స్థాపించినప్పుడు బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవారిలో తెలుగువారు ముఖ్యులు: రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు, వెంకు బాళోజీ కాలేవార్. ఫులే పూర్వులు మాలీలు. పూల వ్యాపారం వల్లనే ఆ ఇంటిపేరు వచ్చింది. మట్టిపనివారికీ పూలపనివారికీ కలిగిన ఈ స్నేహాన్ని మన సంఘ చరిత్రలలో ఇంకా వివరంగా రాయవలసి ఉంది.

డబ్బాలోని తోటకు కూడా ఋతువులు ఉంటాయి. అయితే అవి ఊరి ఋతువులు కావు. తెలంగాణలో ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్ల వాన పడితే ముంబయిలో 2,000 మిల్లీమీటర్లు దాటుతుంది. అందులో దాదాపు అంతా జూన్ నుంచి సెప్టెంబరు లోపే. దసరాకు బంతి పూయాలంటే ఆషాఢం, శ్రావణాలలో విత్తు పడాలి. సరిగ్గా అప్పుడే ఇక్కడ వాన కుండపోతగా కురుస్తుంది. అందువల్ల చాళ్ళ ఆడవారు డబ్బా అడుగున మేకుతో చిల్లులు పొడిచి, నారును చూరు కిందికి జరిపి కాపాడుకొనేవారు. మొక్క జానెడు ఎదిగాక తల తుంచితే పక్కకొమ్మలు వేసి ఎక్కువ పూస్తుందని వారికి తెలుసు. నీళ్ళు వేళకు వచ్చి వేళకు ఆగిపోయే చోట మొక్కకు దక్కేవి బియ్యం కడిగిన నీళ్ళు.

చామంతి సంగతి వేరు. పగలు కురచై రాత్రి పొడుగైతేనే అది మొగ్గ తొడుగుతుంది. రాత్రంతా దీపం పడే చోట దానికి శీతకాలం వచ్చిన సంగతి తెలియదు. వసారాలో తెల్లవార్లూ వెలిగే బల్బు పక్కన పెట్టిన చామంతి ఆకులు వేసి ఊరుకొనేది. దాన్ని చీకటి మూలకు మార్చినవారి ఇంట పూసేది. కారణం తెలియని రోజుల్లో దీనిని దిష్టి అనుకొనేవారని మేము విన్నాము. మల్లె వేసవిలో, ఎండ బాగా తగిలే పైఅంతస్తులలోనే పూసేది. నందివర్ధనం, మందారం, చంద్రకాంత మాత్రం పెద్దగా పట్టించుకోకపోయినా బతికేవి.

ఇక పేర్ల విషయం. కొన్నేళ్ళ కిందట ఒక చాళులో మేము పూల పేర్లు రాసుకొంటున్నప్పుడు ఒక అవ్వ తన డబ్బాలో పూసిన దానిని బంతి అన్నది. గుమ్మానికి కట్టిన తోరణంలో ఉన్నది కూడా బంతే. దానిని మాత్రం ఝెండూ అన్నది. మేము రెండూ ఒకటే కదా అంటే, ఒకటి ఇంట్లోది, ఒకటి దాదర్ నుంచి తెచ్చింది అని వివరించింది. మొదట దీనిని పొరపాటు అనుకొన్నాము. తరవాత మరికొన్ని ఇళ్ళలో అడిగితే ఇదే తీరు కనిపించింది. జడలోకి కొనే మల్లె మోగరా, కనకాంబరం అబోలీ. కుండీలో ఉన్న మందారం మందారమే, నందివర్ధనం నందివర్ధనమే. దాదర్ పూలబజారులో బేరమాడే భాష మరాఠీ. కొన్న పువ్వు బజారు పేరుతోనే ఇంటికి వచ్చింది. విత్తు దాచి, నీరు పోసి పెంచిన పువ్వుకు అమ్మ చెప్పిన పేరే నిలిచింది.

ఇందులో మరో విశేషం ఉంది. బంతి మన దేశపు మొక్క కాదు; అమెరికా ఖండానికి చెందినది, పోర్చుగీసువారి రాక తరవాత ఇక్కడికి చేరింది. తెలుగువారు దానికి పరాయి పేరు తెచ్చుకోలేదు, ఆకారాన్ని బట్టి తమ మాటనే పెట్టుకొన్నారు. అంటే అన్యదేశ్యమైన పువ్వుకు అచ్చతెలుగు పేరు. ఆ పేరుతోనే అది మళ్ళీ వలస వచ్చింది. చామంతి, శేవంతీ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు కనుక వాటి విషయంలో పిల్లలు ఎటు మొగ్గినా పెద్ద తేడా ఉండదు.

బతుకమ్మకు ముఖ్యమైన రెండు పూలు ఈ లెక్కకు లొంగవు. గునుగు చేలగట్ల మీద, జొన్నచేలలో దానంతటదే మొలుస్తుంది. తంగేడు బీళ్ళలో, గుట్టలపై పెరుగుతుంది. వీటిని ఊళ్ళో ఎవరూ నాటరు. మగవారు వెళ్ళి తెంపుకొస్తే ఆడవారు పేరుస్తారు. గునుగు కొంకణంలోనూ మొలుస్తుంది. మరాఠీవారికి అది కురడూ, వానకాలపు ఆకుకూర. కనుక చాళ్ళవారు దానిని డబ్బాలో చల్లుకొని పూయించుకోగలిగారు. తంగేడు మాత్రం లొంగలేదు. లోతుగా వేరు దించే ఆ మొక్క డబ్బాలో ఇమడదు, నీరు నిలిస్తే ఓర్చుకోదు. మరాఠీలో దానికి తరవడ అనే పేరున్నా అది పొడినేలల మాట. ముంబయి బజారులో అడిగే అవసరం లేకపోవడం వల్ల ఆ పేరు మనవారికి అబ్బలేదు. ఫలితంగా ఇక్కడ పుట్టిన పిల్లలకు తంగేడు అన్నది పువ్వును చూడకుండానే పాటలో నేర్చుకొన్న మాట అయింది.

సికింద్రాబాద్–వాడి రైలుమార్గం 1874లో పడకముందు ఊరి నుంచి నడిచి వచ్చినవారికి తంగేడు తెప్పించుకోవడం ఊహకందని పని. ఇప్పుడు పండుగ ముందు ఊరి నుంచి వచ్చే బస్సులలో తడిగుడ్డ చుట్టిన మూటలు వస్తాయి. భాద్రపద అమావాస్యనాటి మొదటి బతుకమ్మను ఎంగిలిపూల బతుకమ్మ అంటారు. ముందురోజు తెంపి నీళ్ళలో ఉంచిన పూలు వాడడం దీనికి కారణమని ఒక వివరణ. ఆ లెక్కన ముంబయిలో తంగేడు పెట్టిన ప్రతి బతుకమ్మా ఎంగిలిపూలదే అని ఒక ఇంటివారు మాతో నవ్వుతూ అన్నారు. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక తంగేడు రాష్ట్ర పుష్పమైంది. దానితో ఆ పేరుకు లోటు రాదు. డబ్బాలలో బతికిన పేర్లకు అటువంటి అండ లేదు.

1982 నాటి మిల్లు సమ్మె తరవాత చాలా కుటుంబాలు చాళ్ళను విడిచాయి. మిగిలినవారిలో వర్లీ బి.డి.డి. చాళ్ళవారికి 2025లో 500 చదరపు అడుగుల కొత్త ఇళ్ళ అప్పగింత మొదలైంది. కామాఠిపురాకూ పునర్నిర్మాణ పథకం ఉంది. 160 అడుగులలో మూడు తరాలు గడిపినవారికి ఇది న్యాయంగా రావలసిన సుఖమే. దానిని మేము తక్కువ చేయము. కాని ఎత్తైన భవనంలో ఉమ్మడి వసారా ఉండదు. పక్కింటివారి నారు అడిగి తెచ్చుకోవడం, దాని పేరు పిల్లల చెవిన పడడం ఆ వసారాలోనే జరిగింది. కొత్త ఇంటి కిటికీలో డబ్బాకు చోటు లేకపోతే తరవాతి తరానికి బంతి కూడా ఝెండూగానే మిగులుతుంది.

ఆ అవ్వ తోరణం వాడిపోయాక దానిని పారవేయలేదు. అందులో తన డబ్బా నుంచి గుచ్చిన నాలుగు పూలను మాత్రం విడదీసి, ఎండబెట్టి, పాత చీరగుడ్డలో కట్టి మేకుకు తగిలించింది. వచ్చే ఆషాఢానికి విత్తనం అని చెప్పింది. ఆ మూటలో ఉన్నది ఏమిటని మనవరాలు అడిగితే బంతి అన్నది.