పాట ఒకదానికి.. పాట్లు రెండింటికీ

“టక్” మంది సెల్ఫ్. అంతే, ఇంజన్ కదల్లేదు.

నవంబరు చివరి వారం, కశ్మీర్‌లోని ఖాజీగుండ్. తెల్లారితే పోలీసులు లారీలను టన్నెల్ వైపు వదులుతారు. ఆపిల్ పెట్టెల లోడు చేరాల్సింది హైదరాబాద్ శివార్లలోని బాటసింగారం పండ్ల మార్కెట్‌కి.

“ఇంకోసారి కొట్టన్నా!” దుప్పట్లోంచే అన్నాడు క్లీనర్.

“కొడితే ఉన్న కాస్తా పోద్దిరా. ఆగు.”

పెట్రోలు బండిలో నిప్పు రాజెయ్యడానికి స్పార్కు ప్లగ్గు ఉంటుంది. డీజిల్ ఇంజన్‌కి ఆ వైభోగం లేదు. సిలిండర్లోని గాలిని సుమారు పదిహేడో వంతుకు నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. ఇంజన్ అందుకునేదాకా ఆ చాకిరీ అంతా సెల్ఫ్ మోటారుదే, దానికి వందల ఆంపియర్లు కావాలి. అందుకే పెద్ద లారీల్లో రెండు 12 వోల్టుల బ్యాటరీలను సిరీస్‌లో కలిపి 24 చేస్తారు. వోల్టేజీ రెట్టింపైతే అదే పనికి సగం కరెంటు చాలు. అమెరికా డీజిల్ పికప్పుల్లోనూ రెండుంటాయి గానీ, అక్కడ కలిపేది పేరలల్‌గా.

చలికి ఇంజనాయిలు చిక్కబడుతుంది. సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ సత్తువలో మూడో వంతు దాకా తగ్గిపోతుంది. అయినా ఆ రాత్రి దోషం చలిదొక్కటే కాదు. పక్క లారీ సర్దార్జీ మీటరు పెట్టి చూశాడు. ఒకటి 12.6, రెండోది 11.4.

“రాత్రంతా పాటలేనా బేటా?”

క్లీనర్ నేల చూపులు చూశాడు.

టేపుకి 12 వోల్టులే కావాలి కదాని ఎవరో ఒక బ్యాటరీ నుంచే వైరు లాగారు. పాటలది తప్పనను, వైరు తగిలించిన చోటిదే తప్పు. జోడెద్దుల్లో ఒకదానికే మేత తగ్గించడం లాంటిదది. డైనమో ఇచ్చే 28 వోల్టులు జోడు మొత్తానికి. వాడేసిన బ్యాటరీ ఎప్పటికీ నిండదు. నిండినదేమో అతి ఛార్జింగ్‌తో కాగి, నీళ్లు ఇగరగొట్టుకుంటుంది.

సర్దార్జీ బండీ 24 వోల్టులదే. జంపర్ కేబుల్ ప్లస్‌కి ప్లస్ కలిపి, చివరి మైనస్ కొసను బ్యాటరీకి దూరంగా ఛాసిస్ ఇనుముకి పట్టించాడు. తెల్ల పొగ కక్కి ఇంజన్ అందుకుంది.

సరుకు దిగాక ఎలక్ట్రీషియన్ మైనస్ తీగ ముందు విప్పాడు. బిగించేటప్పుడు అదే ఆఖరు. టెర్మినళ్ల మీది తెల్లపొక్కును వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగాడు. ఛార్జింగ్ నిండుగా ఉన్న దానిలోనే ప్లేట్లు తేలి కనిపించాయి.

“డిస్టిల్ వాటర్ పోసి ఎన్నాళ్లయింది?” జవాబు లేదు.

ఫోన్లో ఓనరు: “పోయింది ఒకటేగా, ఒకటే మార్చు.”

“కొత్తదానికి పాతది కడితే కొత్తదీ తొందరగా పోతుంది సార్. ఒకే కంపెనీ, ఒకే ఆంపియర్, ఒకే వయసు. జతగా అయితేనే బిగిస్తా.”

బేరం చాలాసేపు సాగింది. చివరికి జతకే ఒప్పుకున్నాడు. టేపు కోసం 24ను 12 చేసే కన్వర్టర్‌కి మాత్రం పైసా ఇవ్వనన్నాడు. దానికి డ్రైవరే తన బత్తాలోంచి డబ్బు తీశాడు.