రాతి వయస్సు – నేల వేగం

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ మిట్టనేలల్లో పుట్టి పెరిగినవాణ్ణి, లోకంలో కదలని వస్తువేదని అడిగితే, ఎదురుగా వున్న రాతిగుట్టనే చూపిస్తాడు. పాత నల్లగొండ జిల్లాలోని భువనగిరి కోటను మోస్తున్న ఆ ఏకశిల కదులుతున్నదంటే ఎవరు నమ్ముతారు? ఈ ప్రాంతపు గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. అయినా గుట్టా, కోటా, కింది చేలూ, ఊళ్లూ అన్నీ కలిసి ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా సాగిపోతున్నాయి. ఈ ప్రయాణం ఎంత వేగంగా, ఎంతకాలంగా జరుగుతున్నదో చెప్పగల సాక్షి మాత్రం మన నేల మీద లేదు. సముద్రం అడుగున వున్నది. ఆ సాక్ష్యం ఎలా దొరికింది, దాన్ని ఎవరు కాదన్నారు అన్న చరిత్ర మనకు ముఖ్యం.

ఖండాలు ఒకప్పుడు కలిసివుండి, తర్వాత విడిపోయాయని జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ వెగెనర్ 1912లో ప్రతిపాదించాడు. వాటిని కదిలించే శక్తి ఏదని పెద్దలు అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. ఐతే, కారణం తెలియదు గనుక చలనమే లేదని తీర్పు చెప్పడం న్యాయం కాదు. వెగెనర్ 1930లో గ్రీన్‌లాండ్ మంచులో మరణించాడు, వాదం తేలలేదు.

తర్వాతి సాక్ష్యాలలో ఒకటి మన దక్కనులోనే దొరికింది. మహబూబ్‌నగర్‌కు పొరుగున, వికారాబాద్ దిక్కున, దక్కను లావా రాయి కనిపిస్తుంది. ఈ లావా పొంగి సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్లయింది. లావా చల్లారేటప్పుడు దానిలోని ఇనుప ఖనిజాలు అప్పటి భూ అయస్కాంత దిశను తమలో నిలుపుకుంటాయి. దక్కను లావాను పరీక్షించిన క్లెగ్, డాయిచ్, గ్రిఫిత్స్ 1956లో ప్రకటించిన ఫలితం ప్రకారం, అది చల్లారిననాడు ఇండియా భూమధ్యరేఖకు దక్షిణాన వున్నది! నేల కదిలిందన్న మాట స్థిరపడుతున్నది. కాని ఏ కాలంలో ఏ వేగంతో కదిలిందో ఒక్క లావా చెప్పలేదు.

ఇక్కడ మన ఊళ్ల దగ్గరి మరొక రాయిని చూద్దాం. మహబూబ్‌నగర్ ప్రాంతంలో గ్రానైటును చీల్చుకొని నల్లరాతి గోడలు మైళ్ల పొడవున సాగుతాయి. అది డోలరైటు. నేల పగిలి, లోపలి శిలాద్రవం ఆ పగులులోకి ఎక్కి గడ్డకట్టినందువల్ల ఏర్పడ్డ గోడలివి. వీటిలో కొన్నిటి వయస్సు సుమారు 218 కోట్ల ఏళ్లు. ఇక్కడ ఆ పని ఏనాడో ఆగిపోయింది. నడిసముద్రపు కొండల వరుసలో మాత్రం ఆగలేదు. అక్కడ పగులు తెరుచుకొన్న చోటనే మళ్లీ తెరుచుకొంటుంది. కొత్త రాయి పాతరాయిని రెండుగా చీల్చి, చెరొక వైపుకు జరుపుతుంది. సముద్రగర్భం ఇలా పుట్టి విస్తరిస్తున్నదని అమెరికన్ శాస్త్రజ్ఞుడు హారీ హెస్ 1962లో రాశాడు.

అదే యేడు బ్రిటిష్ సర్వే నౌక ఓవెన్ హిందూ మహాసముద్రపు వాయవ్య భాగంలో, కార్ల్స్‌బర్గ్ కొండల వరుస మీద అయస్కాంత కొలతలు తీసింది. భూమి అయస్కాంత ధ్రువాలు యుగయుగాలుగా తారుమారవుతూ వచ్చాయి. కనుక వరుసకు రెండు వైపులా ఒక పట్టీ నేటి దిశలో, పక్క పట్టీ తలకిందుల దిశలో వుండాలి. ఈ భావాన్ని ఫ్రెడ్ వైన్, డ్రమండ్ మాథ్యూస్ 1963లో ప్రచురించారు. కెనడాలో లారెన్స్ మార్లీ స్వతంత్రంగా ఇదే రాసి పంపితే, రెండు పత్రికలు తిరగగొట్టాయి.

పట్టీలకు తేదీలెక్కడివి? నేలమీది లావాల వయస్సును పొటాషియం–ఆర్గాన్ పద్ధతిలో కట్టి, ధ్రువాలు తారుమారైన కాలాలను శాస్త్రజ్ఞులు లెక్కించారు. చివరిసారి మారి సుమారు 7 లక్షల 80 వేల ఏళ్లయింది. ఆ మార్పును చూపే సరిహద్దు కొండల వరుస నడిమి నుంచి 10 కిలోమీటర్ల దూరాన వున్నదనుకుందాం. 10 కిలోమీటర్లంటే 10 లక్షల సెంటీమీటర్లు. 7 లక్షల 80 వేలతో భాగిస్తే, ఏటికి సుమారు 1.3 సెంటీమీటర్లు. రెండు వైపులూ కలిపితే రెండున్నర. కార్ల్స్‌బర్గ్ వరుస విస్తరించే వేగం ఇంచుమించు ఇంతే. బడిపిల్లవాడు చేయగల లెక్క ఇది!

ఐతే, పట్టీలను మనకు కావలసినట్లు చదువుకొంటున్నామేమో? ఆ అనుమానాన్ని తీర్చడానికి వేరే సాక్ష్యం కావాలి. 1968లో గ్లోమర్ చాలెంజర్ అనే నౌక దక్షిణ అట్లాంటిక్ అడుగును తవ్వింది. అడుగురాతిని ఆనుకొనివున్న బురదలోని సూక్ష్మజీవుల శిలాజాలను బట్టి వయస్సు కట్టారు. కొండల వరుసకు దూరమైనకొద్దీ వయస్సు పెరిగింది. ఒక్కొక్క వైపు ఏటికి సుమారు 2 సెంటీమీటర్ల లెక్క సరిపోయింది. సరిపోకుండా వుంటే సిద్ధాంతం కూలిపోయేది. దాని గౌరవమంతా అందులోనే వున్నది.

1971లో మెకెంజీ, స్క్లేటర్ హిందూ మహాసముద్రపు పట్టీలను చదివి, ఇండియా ప్రయాణాన్ని లెక్కగట్టారు. ఒక దశలో మన నేల ఏటికి 15 సెంటీమీటర్లకు మించి ఉత్తరానికి పరుగెత్తింది. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాతో ఢీకొన్నాక వేగం తగ్గింది, హిమాలయాలు లేచాయి. నేడు హైదరాబాదులో, 1961లో నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థలోని ఉపగ్రహ కేంద్రం ఆ మిగిలిన వేగాన్ని నేరుగా కొలుస్తున్నది.

ఇక మనవాళ్లు ఒప్పుకోవలసిన నిజం ఒకటి. ఈ సిద్ధాంతాన్ని చివరిదాకా కాదన్నవారిలో ఇంగ్లండు పండితుడు హెరాల్డ్ జెఫ్రీస్ వున్నాడు. సోవియట్ శాస్త్రజ్ఞుడు బెలూసోవ్ కూడా వున్నాడు. ప్రకృతిలో ప్రతిదీ చలనంలో వున్నదని పాఠం చెప్పే దేశంలోనే, కాళ్లకింది నేల కదలదని ఒక ప్రముఖుడు పట్టుబట్టాడు. చలనాన్ని సూత్రంగా వల్లించడం వేరు, దాన్ని కొలిచినప్పుడు ఒప్పుకోవడం వేరు. శిబిరం పేరు చూసి సత్యాన్ని నిర్ణయించే అలవాటు ఎవరిదైనా తప్పే.

ఉపాధ్యాయ మిత్రులు పిల్లలను ఒకసారి నల్లరాతి గోడ దగ్గరికి తీసుకుపోవాలి. ఆ రాయి ఎలా పుట్టిందో చెప్పి, దూరాన్ని వయస్సుతో భాగించే లెక్క వాళ్ల చేతనే చేయించాలి. ఎవరో చెప్పారని కాక, లెక్క తేలిందని నమ్మడం అక్కడ మొదలవుతుంది.